నవ్వించే హిస్టరీ ట్రావెల్ వీడియో తీసే ముందు కుర్రాళ్ళని ఏం అడగాలి, ఎలా అడగాలి (వైజాగ్ నుంచి)

(ఆర్కే బీచ్, సాయంత్రం. వెనకాల సబ్‌మెరైన్. కెమెరా చేతిలోనే, కొంచెం ఊగినా పర్లేదు.)

హాయ్ అండి అందరికీ. నా వెనకాల కనిపిస్తున్నది ఐఎన్ఎస్ కుర్సురా, వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయట ఊళ్ళ వాళ్ళ కోసం చెప్తున్నా, 1969లో మన నేవీలోకి వచ్చి 2001 దాకా పనిచేసి 2002 నుంచి ఇదిగో ఇలా ఇసుకలో మ్యూజియంలా ఉన్న సబ్‌మెరైన్. 91 మీటర్ల పొడవు, లోపల 75 మంది దాకా ఉండేవాళ్ళు. మేం దీని మీద నాలుగు నిమిషాల వీడియో కట్ చేసి ఎనిమిదో క్లాస్ చదివే ఒక పాపకి చూపించాం, మొత్తం చూసింది, చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అన్నా, మరి వాళ్ళందరూ స్నానం ఎక్కడ చేసేవాళ్ళు?"

మా వీడియోలో టార్పెడోలున్నాయి, పెరిస్కోప్ ఉంది, తేదీలన్నీ ఉన్నాయి, స్నానం లేదు. కానీ ఆ పాప అడిగిందే అసలు కథ కదా, డీజిల్ సబ్‌మెరైన్‌లో మంచినీళ్ళు లెక్క చూసుకుని వాడాలి, రోజూ ఒంటి మీద నీళ్ళు పోసుకోవడం అన్నది కుదరదు, అంత ఇరుకు గొట్టంలో అంతమంది, డీజిల్ వాసన, చెమట, వంట వాసన అన్నీ కలిసి, అలా రోజులకి రోజులు. ఇది చెప్తే పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారు, నవ్వుతూనే ఆ నావికులు ఎంత కష్టపడ్డారో వాళ్ళకి ఎక్కేస్తుంది.

ఇవాళ్టి వీడియో దీని గురించే. మేం వైజాగ్ చుట్టూ తిరుగుతూ హిస్టరీని నవ్విస్తూ చెప్పే ట్రావెల్ డాక్యుమెంటరీ తీస్తున్నాం, చూసేది కుర్రాళ్ళు కావాలని మా కోరిక, మరి వాళ్ళు దేనికి నవ్వుతారు, ఎక్కడ ఆపేస్తారు, ఏం తెలుసుకోవాలనుకుంటారు అన్నది తీసేశాక కాకుండా తీయకముందే తెలుసుకోవడం ఎలా? పెద్ద చానెళ్ళకి ఆడియన్స్ రీసెర్చ్ అని వేరే టీమే ఉంటుంది. మనకి ఊరుంది, ఊళ్ళో పిల్లలున్నారు, ఓపిక ఒక్కటి ఉంటే అదే సరిపోతుంది.

ముందు "యూత్" అన్న మాట పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఆ పేరుతో ఒక మనిషి ఎక్కడా ఉండడు. యూట్యూబ్ వాడు 13 నుంచి 17 ఒక గుంపు, 18 నుంచి 24 ఇంకో గుంపు అని చూపిస్తాడు, మన దగ్గర అది కూడా సరిపోదు. ఎనిమిది, తొమ్మిది చదివే వాళ్ళు రాత్రి అన్నం తిన్నాక అమ్మ ఫోన్‌లో చూస్తారు, అమ్మ పక్కనే ఉంటుంది. ఇంటర్ వాళ్ళలో రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్ళకి అసలు ఫోనే ఇవ్వరు, వాళ్ళు చూసేది దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు, ఒకేసారి గంటలు గంటలు. బీటెక్ వాళ్ళకి సొంత ఫోన్, గాజువాక నుంచి బస్సులో నిలబడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తారు, దిగే స్టాప్ వస్తే ఆపేస్తారు, వీడియో నచ్చక కాదు.

నవ్వే విషయాలు కూడా వేరే. చిన్నవాళ్ళకి తిండి, వాసన, బాత్రూం, పెద్దవాళ్ళు దొరికిపోవడం. బీటెక్ వాళ్ళకి డబ్బు, ఉద్యోగం, రూమ్ అద్దె. మేం ఇద్దరి కోసం ఒకటే వీడియో తీయాలని చూశాం, అది ఎవరికీ కుదరలేదు, అందుకే ఇప్పుడు 13 నుంచి 17 వాళ్ళనే మనసులో పెట్టుకుని రాస్తున్నాం, మిగతా వాళ్ళు వస్తే సంతోషం.

ఇంక అడగడం ఎలా అన్నది, ఇక్కడ కాస్త ఆగుదాం ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

"మేం హిస్టరీ వీడియో సరదాగా తీస్తే చూస్తావా?" అని అడిగితే ఏ పిల్లాడైనా "చూస్తా అన్నా" అంటాడు. వాడు అబద్ధం చెప్పట్లేదు, ఎదురుగా ఉన్న పెద్దవాడిని బాధపెట్టకూడదు అని ఇంట్లో నేర్పించారు కదా, అదే చేస్తున్నాడు. ఆ జవాబుతో మనకి పనేం లేదు. ఏం చేస్తావ్ అని కాకుండా ఏం చేశావ్ అని అడగాలి. నిన్న రాత్రి పడుకునే ముందు ఆఖరున చూసిన వీడియో ఏంటి? సగంలో ఆపేసింది ఏదైనా ఉందా, ఎక్కడ ఆపావ్? ఈ వారంలో ఎవరికైనా ఏదైనా పంపావా, ఎవరికి, పంపేటప్పుడు ఏం రాశావ్? ఈ మూడో ప్రశ్నని మాత్రం వదలకండి. పిల్లలు తమకి నచ్చిందంతా పంపరు, "ఇది చూస్తే వాడు నవ్వుతాడు" అనిపించినదే పంపుతారు, అంటే వాళ్ళే మన కోసం రీసెర్చ్ చేసి పెట్టినట్టు.

ఎక్కడ అడుగుతున్నాం అన్నది కూడా ముఖ్యమే. స్కూల్లో, టీచర్ ఉన్న గదిలో అడిగితే అందరూ సోషల్ పరీక్షలో రాసినట్టే చెప్తారు. మేం బీచ్ రోడ్‌లో మురీ మిక్స్చర్ బండి దగ్గర కూర్చుని మాట్లాడాం, వాళ్ళ ఇంట్లో వాళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నారు, చేతిలో పొట్లం ఉంటే పిల్లలు మన మొహం చూడక్కర్లేదు, పొట్లం చూస్తూ నిజం చెప్తారు. ఒక్కడినే కూర్చోబెడితే బిగుసుకుపోతాడు, ఆరుగురిని కూర్చోబెడితే ఒకడే మాట్లాడతాడు, మిగతా ఐదుగురు తల ఊపుతారు. ఇద్దరు ఫ్రెండ్స్‌ని కలిపి కూర్చోబెట్టండి, ఒకడు గొప్పలు చెప్తే రెండోవాడు "లేదన్నా వీడు చూడ్లేదు" అని అక్కడే చెప్పేస్తాడు.

(కట్. తొట్లకొండ మీద నుంచి సముద్రం, కింద భీమిలి రోడ్డు.)

తర్వాతది చూపించడం. టీవీలో కాదు, ఫోన్‌లోనే, వాళ్ళు రోజూ చూసేది దాంట్లోనే కాబట్టి. ఫోన్ చేతికిచ్చి "బోర్ కొడితే స్క్రోల్ చేసేయ్, మేం ఏం అనుకోం" అని చెప్పి పక్కకి జరగాలి. మేం కాగితం మీద రెండే రాసుకున్నాం, బొటనవేలు ఎన్నో సెకండ్‌లో కదిలింది, ఫ్రెండ్ వైపు ఎప్పుడు చూశాడు. ఎందుకంటే మర్యాదకి నవ్వే నవ్వు ఒకటుంటుంది, అది స్క్రీన్ చూస్తూనే నవ్వుతారు, నిజంగా నవ్వొస్తే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు, వాడు కూడా నవ్వాడా అని. మేం చూపించిన ప్రతి జతలోనూ ఇది కనిపించింది.

తొట్లకొండ వీడియోలో మా మొదటి వెర్షన్ ఇలా ఉండేది: 1976లో నేవీ వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం బయటపడింది, రెండు వేల ఏళ్ళ నాటిది, ఇక్కడ భిక్షువులు ఉండేవాళ్ళు, మధ్యలో మా యాంకర్ ఒక సినిమా టైపు డైలాగ్ కొడతాడు. పిల్లలు నవ్వారు, మేం సంతోషపడ్డాం. వారం తర్వాత అదే పిల్లల్ని కలిసి "మీ చెల్లికి చెప్పు, ఆ వీడియోలో ఏముంది?" అని అడిగాం. డైలాగ్ అచ్చు అలాగే చెప్పారు. తొట్లకొండ ఏంటో ఒక్కరికీ గుర్తులేదు.

ఇది చాలా బాధపెట్టింది, కానీ మొత్తం రీసెర్చ్‌లో మాకు దొరికిన పెద్ద విషయం ఇదే. జోక్ గుర్తుండి విషయం గుర్తు లేదంటే జోక్ విషయానికి బయట ఉందని అర్థం. స్టిక్కర్‌లా అంటించాం, ఊడిపోయింది. పిల్లలు జోక్ ఎత్తుకెళ్ళినప్పుడు హిస్టరీ కూడా దాంతో పాటు వెళ్ళాలి, రెండూ ఒకే వాక్యంలో ఉండాలి.

మరి అలాంటి వాక్యం ఎక్కడ దొరుకుతుంది? పిల్లల ప్రశ్నల్లోనే దొరుకుతుంది. కొండవాలు కాలనీలో ఉండే ఒక అబ్బాయిని ఇక్కడికి తీసుకొచ్చాం, రాతిలో తొలిచిన ఈ తొట్లు చూసి "ఏటన్నా, ఈళ్ళకి కూడా నీళ్ళ ట్యాంకర్ వచ్చేది కాదా?" అన్నాడు. వాళ్ళింట్లో ట్యాంకర్ వచ్చిన రోజు ఉన్న డ్రమ్ములు, బకెట్లు, గిన్నెలు అన్నీ బయట పెడతారట. భిక్షువులు చేసింది కూడా అదే కదా, కొండ మీద నీళ్ళు లేవు, వానాకాలంలో పడిన నీళ్ళని రాతి తొట్లలో పట్టి ఏడాదంతా వాడుకున్నారు, కొండకి ఆ పేరే అందుకు వచ్చింది, పక్క కొండ మీద బావులు తవ్వుకున్నారు, అది బావికొండ. కొత్త వెర్షన్‌లో ఆ అబ్బాయి మాటతోనే మొదలుపెట్టాం, "రెండు వేల ఏళ్ళ కిందట కూడా వైజాగ్‌లో పొద్దున్నే లేచి చేసే పని నీళ్ళు పట్టుకోవడమే" అని. వారం తర్వాత అడిగితే తొట్లు ఎందుకో అందరూ చెప్పారు. ఒక బీటెక్ కుర్రాడు "మరి భిక్షువులకి ఖర్చులు ఎవరిచ్చేవాళ్ళు?" అని అడిగాడు, దానికీ జవాబు ఇక్కడే ఉంది, తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి, అంటే సముద్రం మీద వ్యాపారం చేసే డబ్బు ఈ కొండ ఎక్కింది.

ఇలాంటిదే ఇంకోటి. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు వైజాగ్ మీద బాంబులు వేశారు అని చెప్తే పిల్లలు మొదట అడిగింది "స్కూళ్ళకి సెలవులిచ్చారా?" అని. నవ్వొచ్చే ప్రశ్నే, కానీ దాన్నే పట్టుకుని వెళ్తే ఆంధ్రా యూనివర్సిటీనే ఆ రోజుల్లో గుంటూరుకి తరలించారు అన్న సంగతి వస్తుంది, ఊళ్ళో జనం సామాన్లు సర్దుకుని వెళ్ళిపోవడం వస్తుంది. ప్రాణాలు పోయిన చోట మాత్రం మ్యూజిక్ కూడా ఆపేశాం, పిల్లలు కూడా అక్కడ నిశ్శబ్దంగానే చూశారు. ఎక్కడ నవ్వకూడదో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

ఆ మాట ఎందుకంటున్నానంటే, ఒక జోక్ దగ్గర మేం పెద్ద తప్పు చేశాం. వాయిస్ ఓవర్‌లో నవ్వు కోసం ఒక చోట శ్రీకాకుళం యాస పెట్టాం. చూస్తున్న ఇద్దరిలో ఒకబ్బాయి నవ్వాడు, రెండోవాడు ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా అడిగితే "మా తాతయ్య అలాగే మాట్లాడతాడన్నా" అన్నాడు. అంతే. కోపం లేదు, కంప్లైంట్ లేదు. మన సినిమాల్లో ఎన్నేళ్ళ నుంచో ఈ యాస పనివాడి నోట్లోనో అమాయకుడి నోట్లోనో పెడుతున్నారు, మేం కూడా ఉత్తరాంధ్ర గురించి తీస్తూ ఉత్తరాంధ్ర మాటనే జోక్ చేశాం. అది తీసేశాం. ఇప్పుడు మా మెయిన్ కథ చెప్పే గొంతే ఆ యాసలో ఉంటుంది, రాజుల గురించి, శాసనాల గురించి చెప్పేది ఆ గొంతే. ఆ పిల్లాడు పక్కన కూర్చోకపోతే ఇది ఏ గ్రాఫ్‌లోనూ కనిపించేది కాదండి.

గ్రాఫ్ అంటే గుర్తొచ్చింది, యూట్యూబ్ స్టూడియోలో నంబర్లు చూడటం తప్పు అనట్లేదు. రిటెన్షన్ గ్రాఫ్‌లో, అంటే వీడియోని జనం ఎక్కడిదాకా చూశారో చూపించే గీతలో, ఎక్కడ పడిందో ఎక్కడ లేచిందో చూడండి, లేచిన చోట జనం వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తున్నారని అర్థం. కానీ వయసు లెక్కలు మాత్రం లాగిన్ అయిన అకౌంట్‌ని బట్టి వస్తాయి, అమ్మ ఫోన్‌లో చూసిన పాప అక్కడ అమ్మ వయసులోనే కనిపిస్తుంది. మా చానెల్లో 35 నుంచి 44 ఆడవాళ్ళు కనిపిస్తుంటే మేం అయోమయపడ్డాం, ఎనిమిదో క్లాస్ పాపని కలిశాకే అర్థమైంది. ఇంకోటి, వీడియోని మేడ్ ఫర్ కిడ్స్ అని పెడితే కామెంట్స్ మూసేస్తారు, 13 లోపు పిల్లల కోసం తీస్తే అది పెట్టి తీరాలి, కాబట్టి వయసు ముందే తేల్చుకోండి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఒప్పుకున్నాకే కూర్చోండి. 2023లో వచ్చిన డేటా ప్రొటెక్షన్ చట్టంలో 18 నిండని వాళ్ళందరూ పిల్లల కిందే లెక్క, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మేం పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోలేదు, మొహాలు షూట్ చేయలేదు, "9వ క్లాస్, అబ్బాయి, 2 నిమిషాల 10 సెకండ్లకి ఆపాడు" ఇంతే.

బొర్రా గుహల సంగతి కూడా చెప్పాలి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆయన కనుక్కున్నాడు అని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది, మేమూ స్క్రిప్ట్‌లో అదే రాశాం. టెస్ట్ చూపిస్తుంటే ఒకమ్మాయి ఫోన్‌లో వెతికి "అన్నా, ఆ సర్వే మొదలైందే 1851లో కదా, 1807లో ఎలా వస్తాడు?" అంది. ఆ అమ్మాయి చెప్పింది కరెక్ట్. ఆ లైన్ కొట్టేశాం, ఆ అమ్మాయి ప్రశ్ననే ఎపిసోడ్‌లో పెట్టాం, ఎందుకంటే తప్పుని పట్టుకోవడం పిల్లలకి ఎంత సరదాగా ఉంటుందో ఆ రోజు చూశాం, పైగా అరకు ట్రైన్‌లో వెళ్తూ తరాల నుంచి ఆ గుహలు తెలిసిన గిరిజనుల ఊళ్ళు దాటుకుంటూ "కనుక్కున్నాడు" అనడం ఏంటి అని కూడా అక్కడే మాట్లాడొచ్చు.

(బీచ్ రోడ్, చీకటి పడుతోంది.)

వచ్చే ఆదివారం భీమిలి వెళ్తున్నాం, 900K నంబర్ సిటీ బస్సు ఎక్కి. డచ్ వాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇదంతా మా దగ్గర రాసి ఉంది, కానీ ఈసారి స్క్రిప్ట్ రాయలేదు. నలుగురు పిల్లలు, వాళ్ళ ఇంట్లో వాళ్ళు వస్తున్నారు. సమాధుల దగ్గర వదిలేసి మేం గేటు దగ్గర నిలబడతాం. వాళ్ళు ముందు ఏ రాయి దగ్గర ఆగి పక్కవాడి మొహం చూస్తారో చూసుకుని, కెమెరా అక్కడ పెడతాం.