మెకానిక్ షెడ్డులో చేయించిన పని తేడా కొడితే ఏం చేయాలి?

(తెర మీద: కారు డ్యాష్‌బోర్డు ఫోటో. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతను తాకుతోంది.)

నమస్కారం. ఈ ఫోటో మా అక్క తీసింది. అలిపిరి దాటి తిరుమల ఘాట్ ఎక్కుతున్నాం. ముందు సీట్లో అమ్మ, వెనక అక్క, ఆమె ఒళ్లో మా మేనల్లుడు. వాడి పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడానికి బయల్దేరాం. సగం కొండ ఎక్కకముందే ముల్లు పైకి లేచింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది.

బండి చూపించుకోకుండా కొండకు బయల్దేరామా అంటే, కాదు. మూడు రోజుల ముందే తిరుపతిలో ఒక షెడ్డులో ఇచ్చి, సరిగ్గా ఈ హీటింగ్ సమస్యకే 8,600 రూపాయలు కట్టి తెచ్చుకున్నాం. అమ్మ పిల్లాణ్ని ఎత్తుకుని పిట్టగోడ పక్కన నిలబడి, "ఇంజను కాలిపోతుందా నాయనా?" అని అడిగింది. ఆ మాట విన్నాక నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నేరుగా షెడ్డుకు పోయి గొడవ పడదామనే అనుకున్నాను. ఆ రోజు పోకపోవడమే మంచిదైంది. ఎందుకో చెబుతాను.

ముందు, బండి హీటెక్కినప్పుడు చేయాల్సింది. ఏసీ ఆపేయండి. హీటర్ ఫుల్లుగా పెట్టండి. లోపల ఉక్కపోసినా సరే, అది ఇంజను వేడిని కొంత బయటికి లాగుతుంది. చోటు దొరకగానే పక్కకు ఆపి, ఇంజను ఆపేయండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ మీద మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. చల్లనీళ్లు ఇంజను మీద పోయొద్దు, హెడ్, అంటే ఇంజను పైభాగం, పగిలే ప్రమాదం ఉంది. ఇవి ప్రాణానికీ బండికీ సంబంధించినవి. కానీ రేపు మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు కూడా పనికొస్తాయి. "హీటెక్కినా ఆపకుండా నడిపావు, అందుకే పాడైంది" అనేది వాళ్ల దగ్గర నుంచి వచ్చే మొదటి మాట. ముల్లు ఫోటో తీసి ఉంచితే ఎన్ని గంటలకు ఆపారో ఫోన్‌లోనే ఉంటుంది.

వెనక జీపులో వచ్చినవాళ్లు అమ్మావాళ్లను కొండకు ఎక్కించుకుపోయారు. వాళ్లకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. నేను టోయింగ్ బండి పిలిపించి కారు కిందికి దింపాను.

(తెర మీద: బానెట్ ఎత్తి ఉన్న కారు. రేడియేటర్ వెనక ఫ్యాన్.)

ఈ వీడియో మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. రెండో మెకానిక్ ఒక్క బోల్టు విప్పకముందే ఫోటోలు, వీడియో తీసుకోండి. మనలో చాలామంది ఇక్కడే కేసు పోగొట్టుకుంటాం. కోపంలో బండి ఇంకో షెడ్డుకు తోలతాం. ఆయన అంతా విప్పి, బాగుచేసి ఇస్తాడు. తర్వాత మొదటాయన దగ్గరికి పోతే, "నేను బాగానే చేశాను, ఆయనే ఏదో కెలికాడు" అంటాడు. కాదని చూపడానికి మన చేతిలో ఏముంటుంది? ఏమీ ఉండదు.

మా ఇంటి దగ్గరి మెకానిక్ అన్నకు ముందే చెప్పాను. "అన్నా, చూడు చాలు, ఏమీ విప్పొద్దు." ఆయన టార్చి వేసి, రేడియేటర్ ఫ్యాన్‌కు కరెంటు వచ్చే కనెక్టర్ చూపించాడు. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. సరిగ్గా తొడిగితే టక్‌మని లాక్ పడుతుంది. ఇది సగమే కూర్చుని ఉంది, లాక్ పడలేదు. గుంతల్లో అదురుకు వదులై ఫ్యాన్ తిరగడం ఆగిపోయింది.

మరి మూడు రోజులు బండి ఎలా తిరిగింది? రోడ్డు మీద కాస్త వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో అంత పనిపడదు. ఘాట్‌లో అలా కాదు. ఫస్ట్ గేరు, సెకండ్ గేరులో నెమ్మదిగా ఎక్కాలి. ఇంజను మీద భారం ఎక్కువ, గాలి తక్కువ. అక్కడ ఫ్యాన్ తిరగకపోతే వేడి పోయే దారే లేదు. ముందురోజు లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు ఏసీ చల్లగా రాలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. బండి ఆగినప్పుడు ఏసీ వేడిగాలి కొట్టి, కదలగానే చల్లబడితే ఫ్యాన్ చూపించండి.

ఆయిల్ స్టిక్ తీస్తే కొనకు పాలు కలిపిన టీ రంగులో నురగ అంటింది. కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, పోయి ఇంజన్ ఆయిల్‌లో కలిసింది. ఆ రెండూ కలవకుండా హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయింది. ఎస్టిమేట్ 19,000. ఇదంతా ఆయన చేత కాగితం మీద రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించుకున్నాను.

ఇక మొదటి మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఆయన మార్చింది వాటర్ బాడీ, అంటే కూలెంట్‌ను ఇంజనులో తిప్పే పంపు. ఆయన మాట ఒక్కటే. "సార్, నేను చేసింది వాటర్ బాడీ పని. ఫ్యాన్‌తో నాకేం సంబంధం?"

ఆ మాట అబద్ధమని నేను అనను. ఆయన నిజంగానే అలా అనుకుని ఉండొచ్చు. ఒకటి మాత్రం మనం ఒప్పుకోవాలి. రిపేరు తర్వాత వచ్చిన ప్రతి సమస్యా మెకానిక్ తప్పు కాదు. వేసిన స్పేర్ పార్టే పాడుదైతే అది కంపెనీ వారంటీ మాట. వాటర్ బాడీ మార్చాక బ్యాటరీ పోతే దానికీ దీనికీ సంబంధం లేదు. జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి ఇచ్చాడా, లేక చేసిన పనే జాగ్రత్తగా చేయలేదా అన్నది తేల్చుకున్నాకే మాట్లాడాలి. లేకపోతే మన మాటకు విలువ ఉండదు.

మా విషయంలో తేల్చింది ఆయన పంపిన ఫోటోనే. రిపేరు రోజు, "చూడండి సార్, మీ పాత వాటర్ బాడీ ఎలా అరిగిపోయిందో" అని వాట్సాప్‌లో పంపాడు. ఆ ఫోటోలో పాత పార్టు పక్కనే, నేల మీద గోనెపట్టా పరిచి, విప్పిన రేడియేటర్ ఫ్యాన్ పెట్టి ఉంది. అంటే పంపు మార్చడానికి ఫ్యాన్ విప్పింది ఆయనే, మళ్లీ బిగించింది ఆయనే. అందుకే చెబుతున్నాను, పాత పార్టు ఇమ్మని అడగండి, ఇవ్వకపోతే ఫోటో అయినా పంపమనండి. బిల్లు తీసుకోండి. డబ్బు ఫోన్‌లో పంపండి, ఏ పనికో అందులోనే రాయండి.

అప్పుడు ఆయనకు ఈ మెసేజ్ పెట్టాను.

(తెర మీద: మెసేజ్. చదివి వినిపించాలి.)

"అన్నా, ఈ నెల 6న మీ దగ్గర కారుకు వాటర్ బాడీ మార్పించి 8,600 రూపాయలు ఇచ్చాను. 9న ఘాట్ రోడ్డులో బండి హీటెక్కి ఆగిపోయింది. ఫ్యాన్ కనెక్టర్ లాక్ పడలేదని, హెడ్ గ్యాస్కెట్ పోయిందని వేరే మెకానిక్ చూసి రాసిచ్చారు. ఆ కాగితం, ఫోటోలు, మీరు 6న పంపిన ఫోటో కూడా పంపుతున్నాను. బండి ఇంకా విప్పలేదు. మీరే వచ్చి చూడండి. 16లోపు సరిచేసి ఇవ్వండి. లేదంటే వేరే చోట చేయించి, ఆ ఖర్చు మిమ్మల్ని అడగాల్సి వస్తుంది."

ఇందులో తిట్టు లేదు, "మోసం" అనే మాట లేదు. సరిచేసే అవకాశం ముందు ఆయనకే ఇచ్చాం, గడువు పెట్టాం. రేపు ఎవరి ముందు పెట్టినా ఈ ఒక్క మెసేజ్‌తో కథంతా అర్థమవుతుంది.

ఇంకో జాగ్రత్త. బండి వాళ్ల షెడ్డులో ఉండగా డబ్బు కట్టనని పేచీ పెట్టుకోకండి. చేసిన పనికి కూలి అందేదాకా వస్తువును తన దగ్గరే ఉంచుకునే హక్కు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం పనివాడికి ఉంది. బిల్లు మీద అభ్యంతరం ఉంటే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, కట్టి, బండి బయటికి తెచ్చుకోండి. ఆ తర్వాత అడగండి.

గడువు దాటినా పలకకపోతే? 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కానీ ఫిర్యాదు అవతలివాళ్లకు పంపి రాజీకి చూస్తారు. పెద్ద సర్వీస్ సెంటర్లు దీనికి త్వరగా కదులుతాయి. చిన్న షెడ్డు అయితే అంత ఫలితం ఉండకపోవచ్చు.

ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. తిరుపతిలోనూ ఉంది, చిత్తూరులోనూ ఉంది. డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటారు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే మాట్లాడుకోవచ్చు. రిపేరు వేరే ఊళ్లో జరిగినా, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో వస్తూ దారిలో రిపేరు చేయించుకున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. పార్టును పరీక్షకు పంపే పని లేకపోతే మూడు నెలల్లో, ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. వాయిదాలు పడితే ఇంకా పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి. ట్రావెల్స్ వ్యాపారానికి తిప్పే బండ్లకు ఈ దారి అంత తేలిక కాదు, ముందు ఒక లాయరును అడగండి.

మాకు అంతదూరం పోవాల్సిన పని పడలేదు. మెసేజ్ పెట్టిన మూడో రోజు సాయంత్రం ఆ మెకానిక్ అన్న బండి మీద మా ఇంటికే వచ్చాడు. బానెట్ ఎత్తి, వంగి కనెక్టర్ చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ రోజు ఫ్యాన్ బిగించింది మా కుర్రోడు సార్. నేను చూసుకోవాల్సింది" అన్నాడు.

నేనూ ఒక విషయం ఒప్పుకున్నాను. ముల్లు లేచాక ఆపే చోటు దొరక్క రెండు మలుపులు నడిపాను. ఘాట్‌లో అది తప్పలేదు, కానీ నడిపిన మాట నిజం. అందుకని బేరం ఇలా కుదిరింది. లేబరు, లేత్ షాపులో హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు భాగాన్ని చదును చేయించడం), టోయింగ్ ఖర్చు ఆయనవి. గ్యాస్కెట్, ఆయిల్, కూలెంట్ ఖర్చులో చెరి సగం. నా వంతు మూడు వేల ఐదు వందలు పడింది. ఒప్పుకున్నదంతా ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. రాజీ నోటిమాటగా వదిలేయకండి, ఇది కూడా రాతలో ఉండాలి.

(తెర మీద: కనెక్టర్, బాగా దగ్గరగా.)

వారం తర్వాత బండి తెచ్చుకోవడానికి పోయాను. ఆయన ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ వేసి, ఫ్యాన్ తిరగడం చూపించాడు. మళ్లీ ఆపి, ఆ కుర్రాణ్ని పిలిచి, కనెక్టర్ తీయించి, వాడి చేతే తొడిగించాడు. టక్‌మని శబ్దం ముగ్గురికీ వినిపించింది. తర్వాత బిల్లు పుస్తకం తీసి, అడగకుండానే, కింద పెన్నుతో రాసిచ్చాడు: "హెడ్ పనికి ఆరు నెలల గ్యారంటీ."