ఆర్తి అగర్వాల్ చేయించుకున్నది బరువు తగ్గే ఆపరేషనే కాదు!

లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగెయ్యడం, బరువు తగ్గే ఆపరేషన్ కాదు. ఇంకోసారి చెప్తున్నా, కాదు!

పోయిన వీడియోలో బేరియాట్రిక్ సర్జరీ గురించి, అంటే బరువు తగ్గడానికి కడుపుకి చేసే ఆపరేషన్ గురించి మాట్లాడానా, కింద కామెంట్లన్నీ ఒకటే మాట. "అన్నా, ఆపరేషన్ జోలికెళ్తే ప్రాణాలు పోతాయి, ఆర్తి అగర్వాల్‌ని మర్చిపోయావా?" అని. ఎలా మర్చిపోతానండీ? 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో వెంకటేష్ పక్కన తెలుగులోకి వచ్చిన అమ్మాయి. ఆ సినిమా ఇప్పుడు టీవీలో వచ్చినా మా ఇంట్లో రిమోట్ ఎవరూ ముట్టుకోరు. 2015 జూన్ 6న న్యూజెర్సీలో పోయింది. 31 ఏళ్ళే! కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని, ఊపిరి అందక ఇబ్బంది పడిందని పేపర్లన్నీ రాశాయి.

లైపోసక్షన్ అని రాశారు. మనం మాత్రం "బరువు తగ్గే ఆపరేషన్" అని చదువుకున్నాం. అప్పట్నుంచీ అదే చెప్పుకుంటున్నాం.

మీ పొట్ట చర్మం రెండు వేళ్ళతో పట్టుకోండి. చేతికి దొరికిందే, ఆ కొవ్వునే గొట్టం పెట్టి లాగుతారు. షుగరు, గుండెజబ్బు తెచ్చే అసలు కొవ్వు లోపల ఉంటుంది, కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ. దాన్ని ఆ గొట్టం ముట్టుకోదు. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్ళకి చేసి చూశారు. ఒక్కొక్కరి ఒంట్లోంచి దాదాపు 10 కిలోల కొవ్వు తీశారు. 10 కిలోలండీ! రెండున్నర నెలల తర్వాత పరీక్షలు చేస్తే బీపీ మారలేదు, కొలెస్ట్రాల్ మారలేదు, ఇన్సులిన్ పనితీరు మారలేదు. ప్రమాదం మాత్రం ఉంది. కొవ్వు ముక్కో, రక్తం గడ్డో ఊపిరితిత్తుల్లోకి పోతే నిమిషాల్లో మనిషి పోవచ్చు.

ఇప్పుడు బేరియాట్రిక్ చూడండి. అందులో ఒక రకం స్లీవ్. అంటే కడుపులో ముప్పాతిక వంతు పైగా కోసి తీసేసి, సంచి లాంటిదాన్ని అరటిపండంత గొట్టం చేస్తారు. తక్కువ పడుతుంది కాబట్టి తగ్గుతారని అందరూ అనుకుంటారు. అది సగమే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అంటే ఆకలే తగ్గుతుంది! ఇంకో రకం గ్యాస్ట్రిక్ బైపాస్, గుండెకి చేసేది కాదు, కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపేది. అది చేయించుకున్న షుగర్ పేషెంట్లలో చాలామందికి బరువు ఇంకా దిగకముందే, రోజుల్లోనే షుగర్ దిగుతుంది. కుట్లు లీకయ్యే ప్రమాదం ఉంది, విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి, ఒప్పుకుంటా. కానీ ఇది రోగానికి వైద్యం. లైపోసక్షన్ ఒంటి ఆకారం దిద్దడం. రెండిటినీ ఒకే గాటన కట్టి, 120 కిలోల షుగర్ పేషెంటుని మీరు భయపెడుతున్నారు!

ఇక నా థియరీ. తప్పంతా మన మాటలోనే ఉందంటాను నేను. తెలుగులో ఎవరినైనా తిట్టాలంటే ఏమంటాం? "ఒళ్ళు కొవ్వెక్కిందా?" అంటాం. కొవ్వంటే మనకి పొగరు, సోమరితనం. పెళ్ళిలో ముసలమ్మ కూడా పిల్ల బుగ్గ గిల్లి "ఏం తింటున్నావే" అంటుంది, చుట్టూ నవ్వులు. ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏం చేస్తుంది? ఎవరికీ చెప్పకుండా క్లినిక్ నంబరు వెతుకుతుంది. ఎందుకంటే దాన్ని రోగమని ఎవరూ అనలేదు, తప్పన్నారు. తప్పుని ఎవరైనా రహస్యంగానే దిద్దుకుంటారు.

2022 మేలో బెంగళూరులో కన్నడ సీరియల్ నటి చేతనా రాజ్. 21 ఏళ్ళు. కొవ్వు తీయించుకోవడానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంది. అమ్మానాన్నలకి చెప్పకుండా వెళ్ళిందని అప్పుడు వార్తలొచ్చాయి. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే, పెళ్ళికి ఆరు వారాలే ఉందని క్లినిక్ మెట్లెక్కుతున్న చెల్లెమ్మా, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెళ్ళు. వెళ్ళాక రెండే అడుగు. మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరు, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా? ఊపిరి ఆగితే ఇక్కడ ఐసీయూ ఉందా? ఈ రెండిటికీ అక్కడి వాళ్ళు నీళ్ళు నమిలితే, కట్టిన అడ్వాన్సు పోతే పోనీ, చెప్పులేసుకుని బయటికొచ్చెయ్.