అక్షరం కింద చుక్క

శ్రోతలందరికీ నమస్కారం.

రోమన్ చరిత్ర అనగానే మనకు సీజరు, సైన్యాలు, రథాలు గుర్తొస్తాయి. ఆ చరిత్రను వృత్తిగా చేసుకున్నవాళ్ల రోజు మాత్రం వేరుగా ఉంటుంది. పొద్దున పాఠం, తర్వాత విద్యార్థుల వ్యాసాలు దిద్దడం, ఏదో ఒక మీటింగు. అవన్నీ తెమిలాక దొరికే గంటో రెండు గంటలో ఒక పాత రాత ముందు కూర్చుంటారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ గంట గురించే.

ముందు ఒక ఎద్దు కథ వినండి.

నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ టోల్సుమ్ దగ్గర ఒక మట్టిదిబ్బలో 1914లో ఒక చెక్క పలక దొరికింది. రోమన్లు ఇలాంటి పలకను కాస్త తొలిచి, అందులో పల్చగా మైనం పోసి, ఆ మైనం మీద గంటంతో రాసేవారు. మన పెద్దలు తాటాకు మీద రాసిన గంటం లాంటిదే. టోల్సుమ్ పలకలో మైనం ఎప్పుడో పోయింది. గంటం మొన కిందిదాకా దిగి చెక్కకు తగిలిన చోట మాత్రం సన్నటి గీతలు మిగిలాయి. ఆ గీతల్లోంచే వాక్యాలు రాబట్టాలి.

1917లో ఫోల్‌గ్రాఫ్ అనే డచ్ పండితుడు దాన్ని చదివి ప్రకటించారు. ఇది ఎద్దు కొన్న పత్రం అన్నారు. సామ్రాజ్యం అంచున, రోమన్ చట్టం ప్రకారం, సాక్షుల ఎదుట జరిగిన బేరం! పలకకు పేరొచ్చింది. రోమన్ న్యాయశాస్త్రం చదివేవాళ్లు దాన్ని ఉదాహరణగా చెప్పుకున్నారు. ఇలా తొంభై ఏళ్లు గడిచాయి.

తర్వాత అలన్ బౌమన్, రోజర్ టామ్లిన్, క్లాస్ వోర్ప్ అనే ముగ్గురు దాన్ని మళ్లీ ముందేసుకున్నారు. వెలుతురు ఒక్కో వైపు నుంచి పడేలా ఫోటోలు తీయించారు. దీపం పక్కకు జరిగితే గీతలో నీడ మారుతుంది. ఏది గంటం గీత, ఏది చెక్క నార అన్నది అప్పుడు విడివడుతుంది. 2009లో వాళ్లు తమ పాఠం ప్రకటించారు. అందులో ఎద్దు లేదు. అది ఒక అప్పు పత్రం, క్రీ.శ. 29 నాటిది. బాకీ తీర్చాల్సింది కారుస్ అనే అతనికి. అతను జూలియా సెకుండా అనే ఆవిడ బానిస. ఒక బానిస పేరు మీద బాకీ పత్రం! నాకైతే ఎద్దు కంటే ఇదే ఎక్కువ ఆలోచించాల్సిన సంగతి.

ఫోల్‌గ్రాఫ్ గారిని తప్పుపట్టాలని ఈ కథ చెప్పలేదు. ఆయన తన కళ్లతో, తన కాలపు దీపంతో చదివారు. తర్వాతివాళ్లు మరో దీపం పెట్టి చూశారు. ఈ వృత్తిలో పని ఇలాగే సాగుతుంది.

1931లో లైడెన్ నగరంలో పండితులు కూర్చుని, పాత రాతలను అచ్చువేసేటప్పుడు అందరూ ఒకే గుర్తులు వాడాలని ఒప్పుకున్నారు. రాయి పగిలి పోయిన అక్షరాలను ఊహించి పూరిస్తే చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. కనిపించీ కనిపించని అక్షరమైతే దాని కింద చుక్క పెట్టాలి. ఇక్కడ మిగిలిన గీత ఇంకో అక్షరానిది కూడా కావచ్చని ఆ చుక్కకు అర్థం. ఆ ఒక్క చుక్క పెట్టాలా వద్దా అని ఒక సాయంకాలమంతా తేల్చుకోలేక, దీపం అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవాళ్లున్నారు. వాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

రాతిశాసనమైతే ఇంకో పని ఉంది. మన శాసన పరిశోధకులు తడి కాగితాన్ని రాయికి అంటించి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్ది నకలు తీస్తారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. లాటిన్ శాసనాలకు దళసరి కాగితం వాడతారు, సిరా అద్దరు. కాగితం ప్రతి గాటులోకీ దిగేలా బ్రష్‌తో కొట్టి, ఎండేదాకా ఆగి, మెల్లగా ఊడదీస్తారు. వెనక్కి తిప్పితే అక్షరాలు ఉబ్బెత్తుగా, తిరగేసి ఉంటాయి. వేలితో తడిమి కూడా చదవొచ్చు. ఆ కాగితాన్ని చుట్టి ఊరికి తెచ్చుకుంటే, రాయి ఎక్కడో ఉన్నా ఏళ్ల తరబడి చదువుకోవచ్చు.

ఈ పనికి పెద్ద దిక్కు జర్మనీకి చెందిన థియోడర్ మామ్‌సెన్. రోమ్ చరిత్ర రాసి 1902లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందారు. లాటిన్ శాసనాలన్నిటినీ ఒకచోట చేర్చే పని 1853లో బెర్లిన్ అకాడమీలో మొదలైంది. దాన్ని నడిపించింది ఆయనే. పాత పుస్తకంలో ఉంది కదా అని ఎత్తిరాయకూడదు, వీలైనంతవరకు రాయి దగ్గరికి వెళ్లి చూడాలి అనేది ఆయన పట్టుదల. ఎందుకంటే అంతకుముందు శాసనాలను కల్పించి రాసినవాళ్లూ ఉన్నారు. ఆ సంకలనంలో ఇప్పటికి లక్షా ఎనభై వేల దాకా శాసనాలు చేరాయి. ఆయన ఇంట్లో 1880లో మంటలు లేచి, గ్రంథాలయాల నుంచి ఎరువు తెచ్చుకున్న పాత రాతప్రతులు కొన్ని కాలిపోయాయి. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

చివరగా ఒక ఉత్తరం. ఇంగ్లండు ఉత్తరాన విండొలాండా అనే రోమన్ కోట దగ్గర 1973 నుంచి అట్టముక్కంత పల్చటి చెక్క రేకులు దొరుకుతున్నాయి. వాటి మీద సిరా రాత ఉంది. గాలి తగిలితే రాత మాసిపోతోంది. పరారుణ కిరణాలతో ఫోటో తీస్తే మళ్లీ కనిపిస్తుంది. వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా, తన స్నేహితురాలు లెపిడినాకు పంపిన ఆహ్వానం. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, తప్పక రా అని. ఉత్తరంలో ఎక్కువ భాగం లేఖకుడి చక్కటి చేతిరాత. కింద మూలన మాత్రం వేరే చెయ్యి, కాస్త తడబడే రాత. ఆ నాలుగు పంక్తులూ సెవెరా స్వయంగా రాసుకున్నవి. "నీ కోసం ఎదురుచూస్తుంటాను సోరోర్" అంటుంది. మళ్లీ "సోరోర్, నా ప్రాణమా" అంటుంది.

లాటిన్‌లో సోరోర్ అంటే ఆడ తోబుట్టువు. అక్కా చెల్లీ రెండూ అదే మాట. తెలుగులో చెప్పాలంటే మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ ఇద్దరిలో ఎవరు పెద్దో చెక్క మీద రాసిలేదు. మొదటిసారి పిల్లలకు ఈ ఉత్తరం తెలుగులో చెప్పినప్పుడు "అక్కా" అన్నాను. మరుసటి ఏడు "చెల్లీ" అన్నాను. ఇప్పుడు "సోరోర్" అనే చదివి, బోర్డు మీద దాని కింద ఒక చుక్క పెడుతున్నాను.