ట్యాంకు లోపల తల

శ్రోతలకు నమస్కారం.

ఉదయగిరి వైపు గతుకుల రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి, తల పైన రాడ్డుకి ఠంగుమని తగిలితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ బస్సుకి కిటికీలు మూసేసి, మెత్తలు పీకేసి, చుట్టూ ఇనప మొనలు బిగించి పొలం గట్ల మీద తోలితే, యుద్ధ ట్యాంకు లోపల ఎలా ఉంటుందో కొంత అర్థమవుతుంది. బయటి తూటాల సంగతి ఉక్కు గోడ చూసుకుంటుంది. మరి ఆ గోడకే తల కొట్టుకుంటే? ట్యాంకు హెల్మెట్ ముఖ్యంగా ట్యాంకు నుంచే తలని కాపాడాలి.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో బ్రిటిష్ వాళ్లు మొదటిసారి ట్యాంకుల్ని యుద్ధంలోకి దించారు. ఒక్కోదాంట్లో ఎనిమిది మంది. మధ్యలో మూతలేని ఇంజను, దాని పొగ, వేడి యాభై డిగ్రీలు. ఒంగోలు ఎండలకి అలవాటు పడ్డవాళ్లం మనమైనా అందులో గంటసేపు ఉండలేం. వాళ్లకి తోలు హెల్మెట్లిచ్చారు. అయితే దూరం నుంచి అవి జర్మన్ల టోపీల్లా కనపడేవట. బయటికి దూకితే సొంతవాళ్లే కాల్చేస్తారన్న భయంతో చాలామంది వాటిని పక్కన పడేశారు.

తూటా లోపలికి రాకపోయినా, అది తగిలిన చోట లోపలివైపు ఇనప రవ్వలు ఎగిరేవి. అందుకని ముఖానికి ఒక ముసుగు తయారు చేశారు. కళ్ల దగ్గర సన్నటి చీలికలున్న లోహపు రేకు, నోటి మీదికి వేలాడే ఇనప గొలుసుల అల్లిక. అది పెట్టుకుని గురి చూడటం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆ తర్వాత రేడియో వచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్లు కావాల్సొచ్చాయి. జర్మన్లు లోపల గట్టి మెత్త పెట్టిన నల్ల టోపీ చేసుకున్నారు గానీ, హెడ్‌ఫోన్లకి అడ్డొస్తోందని కొన్నేళ్లకే వదిలేశారు. ఆ కాలపు రేడియో సెట్లకి అభ్రకం లేనిదే పని జరగదు. మన గూడూరు గనుల నుంచి ఓడలెక్కిన సరుకుకి యుద్ధ సమయంలో అంత గిరాకీ ఉందంటే అదొక కారణం.

నాకు అన్నిటికన్నా తెలివైనదనిపించేది రష్యా వాళ్ల టోపీ. నెత్తి మీద లావుపాటి మెత్తల వరసలు, చెవుల దగ్గర హెడ్‌ఫోన్లు. అసలు తమాషా గొంతు దగ్గరుంది. రెండు చిన్న బిళ్లలు గొంతుకి ఆనుకుని, మాట్లాడేటప్పుడు అక్కడ పుట్టే అదురుని పట్టుకుంటాయి. అందుకే ఇంజను ఎంత హోరెత్తినా అవతలివాడికి మాట వినపడుతుంది. చెన్నై దగ్గర ఆవడిలో తయారైన టీ-72, టీ-90 ట్యాంకులు కూడా రష్యా నమూనావే.

అమెరికా వాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో ఫుట్‌బాల్ హెల్మెట్ లాంటిది, గాలి కోసం చిల్లులున్నది వాడారు. అది తూటాని ఆపదు. దాంతో కొందరు దాని మీద మామూలు సైనికుల ఇనప టోపీ బోర్లించుకునేవారు. కెవ్లార్ అనే చాలా గట్టి కృత్రిమ పీచు వచ్చాక ఈ రెండు పొరలూ ఒకే హెల్మెట్‌లో చేరాయి.

ట్యాంకు కమాండరుకి పై పొర మరీ అవసరం. చుట్టూ చూడాలంటే మూత తెరిచి తల బయట పెట్టాల్సిందే. 1973లో ఈజిప్టు, సిరియాలతో జరిగిన యుద్ధంలో అలా నిలబడ్డ ఇజ్రాయెల్ కమాండర్లు చాలామంది చనిపోయారు. ఇప్పుడు ఆ దేశం వాళ్లే, బయటి కెమెరాల దృశ్యాన్ని హెల్మెట్‌లో కళ్ల ముందు చూపించే ఏర్పాటు చేశారు. మూత వేసుకునే చుట్టూ చూడొచ్చు, కెమెరా అద్దం మీద బురద పడనంత వరకు.