బెల్ మోగితే ల్యాప్‌టాప్ ఎందుకు తెరిచాను?

అక్క: ఆ, రికార్డింగ్ మొదలైంది. దగ్గరివాళ్లు మనల్ని వదిలేశారేమో అనిపించే ఫీలింగ్ గురించి ఈరోజు మాట్లాడదాం. నిన్న ఫోన్లో చెప్పావు చూడు, ముందు అది చెప్పరా.

తమ్ముడు: అందరి ముందూ నా పరువు తీస్తావన్నమాట! సరే. మా ఆవిడ ఆఫీసు పనిమీద నాలుగు రోజులు వేరే ఊరెళ్లింది. ఆ నాలుగు రోజులూ నాకు ఏమీ తోచలేదు. తిరిగొచ్చే రోజు క్యాబ్ ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో మూడుసార్లు చూశాను. తీరా బెల్ మోగాక...

అక్క: మోగాక?

తమ్ముడు: తలుపు తీసి, వెనక్కొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. తలెత్తకుండా "వచ్చావా" అన్నాను. స్క్రీన్ మీద ఏముందో ఇప్పటికీ గుర్తులేదు. తను బ్యాగు గోడకి ఆనించి ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత లోపలికెళ్లిపోయింది. ఇక రాత్రంతా ఎడమొహం పెడమొహం.

అక్క: కోపమొచ్చిందా?

తమ్ముడు: అదే తెలీట్లేదక్కా. ఎదురుచూసిందీ నేనే, మొహం తిప్పుకుందీ నేనే.

అక్క: మేరీ ఐన్స్‌వర్త్ అని ఒక సైకాలజిస్ట్ ఉండేవారు. ఏడాది వయసు పిల్లల్ని తల్లితో పాటు బొమ్మలున్న గదిలో కూర్చోబెట్టేవారు. మొత్తం ఇరవై నిమిషాల వ్యవహారం. మధ్యలో తల్లి రెండుసార్లు బయటికెళ్తుంది, రెండుసార్లు తిరిగొస్తుంది. ఆవిడ అన్నిటికన్నా జాగ్రత్తగా గమనించింది ఏంటో తెలుసా?

తమ్ముడు: తల్లి వెళ్లినప్పుడు ఎంత ఏడ్చారో?

అక్క: తిరిగొచ్చినప్పుడు ఏం చేశారో. చాలామంది పిల్లలు చేతులు చాచి వెళ్లి, కాసేపట్లో కుదుటపడి మళ్లీ ఆటలో పడతారు. కొందరు చంకెక్కుతారు, అక్కడే ఉండి తల్లిని నెడతారు, తంతారు. ఇంకొందరు తల్లివైపే చూడరు, బొమ్మ తీసుకుని ఆడుకుంటారు.

తమ్ముడు: నా ల్యాప్‌టాప్!

అక్క: నేనూ నిన్న అదే అనుకున్నా. అసలు సంగతి విను. అలా చూడని పిల్లల గుండె వేగాన్ని వేరే పరిశోధకులు కొలిచారు, 1977లో. పైకి నిమ్మకు నీరెత్తినట్టున్నారు, లోపల గుండె మాత్రం గబగబా కొట్టుకుంటోంది.

తమ్ముడు: అంటే వాళ్లకి పట్టక కాదన్నమాట.

అక్క: పట్టింది కాబట్టే. మన భాషలో అలక అని ఒక మాట ఉంది కదా, నాకది చాలా ఇష్టం. అలగాలంటే బుజ్జగించేవాళ్లు ఉన్నారన్న ధైర్యం కావాలి. ఆ తన్నే పిల్ల అలిగింది. ఈ బొమ్మ పట్టుకున్నవాడు అలగడం కూడా మానేశాడు.

తమ్ముడు: అయితే నేను అవాయిడెంట్ టైపా? అదే, దగ్గరివాళ్ల నుంచి మొహం తిప్పుకునే రకమా?

అక్క: ఇదిగో, ఇదే నాకు చిరాకు! ఆన్‌లైన్‌లో ఓ క్విజ్ రాసి, బ్లడ్ గ్రూప్ చెప్పినట్టు చెప్పుకుంటారు. ఈ టైపులు ఓ బిడ్డకీ ఓ మనిషికీ మధ్య ఉన్న తీరు గురించి చెప్పిన మాటలు. తల్లి దగ్గర ఒకలా ఉన్న బిడ్డ తండ్రి దగ్గర ఇంకోలా ఉండొచ్చు. పెద్దయ్యాక మారొచ్చు కూడా.

తమ్ముడు: సర్లే, తిట్టకు.

అక్క: దీన్ని అటాచ్‌మెంట్ సిద్ధాంతం అంటారు, బిడ్డకీ పెంచేవాళ్లకీ మధ్య బంధం గురించి. దానికి మూలపురుషుడు జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు. ఆయన్ని పెంచిన ఆయా, ఆయనకి నాలుగేళ్లప్పుడు పని మానేసి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరిన పసిపిల్లలు ఏడుపు ఆపేస్తే, హమ్మయ్య, అలవాటు పడ్డారనుకునేవారు. అది అలవాటు పడటం కాదు, ఆశ వదులుకోవడం అని గట్టిగా వాదించినవాళ్లలో ఆయనొకరు.

తమ్ముడు: ...నువ్వు హాస్టల్‌కి వెళ్లినప్పుడు నాకెన్నేళ్లు?

అక్క: ఆరు. మొదటి సెలవులకి నేనొస్తే, నువ్వు మంచం కిందికి దూరావు. ఎంత పిలిచినా రాలేదు. నన్ను మర్చిపోయాడనుకుని పెరట్లోకెళ్లి ఏడ్చానురా. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు: మర్చిపోవడమేంటి? కింది నుంచి నీ కాళ్లే చూస్తున్నా. కొత్త చెప్పులు, ఎడమ దానికి బకిల్ ఊడింది.

అక్క: ...అవును. ఊడింది.

తమ్ముడు: నువ్వు అటు తిరిగి వెళ్లిపోయావు. ఇంకొక్కసారి పిలిస్తే వచ్చేసేవాణ్ని.

అక్క: ఆగు, కాస్త నీళ్లు తాగొస్తా.

తమ్ముడు: నువ్వు తాగు. నేనీలోగా మా ఆవిడకి ఫోన్ చేస్తా. రికార్డింగ్ ఆపెయ్.