కానీ, పరీక్ష?

శ్రోతలకు నమస్కారం.

విశ్వవిద్యాలయంలో భాష చెప్పే అధ్యాపకులను "కొత్త సిలబస్ ఎలా ఉంది?" అని అడిగి చూడండి. "బాగానే ఉంది" అంటారు. ఒక్క క్షణం ఆగి, "కానీ, పరీక్ష?" అంటారు. ఈ పూట నేను మాట్లాడేది ఆ "కానీ" గురించే.

కొత్త సిలబస్ చెప్పే "వ్యాకరణ సూత్రాలు, అనువాదాలు తగ్గించండి, విద్యార్థుల చేత మాట్లాడించండి" అన్నది 1970ల నుంచి వింటున్న మాటే. యూరప్ దేశాల సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో భాషా సామర్థ్యానికి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు ప్రకటించినప్పుడు కూడా, నేర్చుకునేవాళ్లు ఆ భాషతో ఏం చేయగలరన్నదే కొలతగా పెట్టుకుంది. అధ్యాపకులకు దీనితో పేచీ లేదు. పేచీ లేదని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే మార్పు ఆగిపోయినప్పుడల్లా నింద వాళ్ల మీదే పడుతుంది.

నా సహోద్యోగి ఒకావిడ సంగతి చెబుతాను. కొత్త సిలబస్ రాగానే ఎంతో ఉత్సాహపడ్డారు. తరగతిలో 60 మంది. బల్లలు జరిపించి, జంటలుగా కూర్చోబెట్టి, దారి అడగడం, ఫిర్యాదు చెప్పడం, అపాయింట్‌మెంట్ మార్చుకోవడం, అన్నీ మాట్లాడించారు. మూడు వారాలు గది కళకళలాడింది. నాలుగో వారం వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?" అంది. మర్యాదగానే అడిగింది. పరీక్ష మాత్రం పాతదే, మూడు గంటలు రాయడమే. రాదని చెప్పక తప్పలేదు. మర్నాటి నుంచి నోట్స్ చెప్పమని పిల్లలే అడిగారు. నెల తిరిగేసరికి బల్లలు మళ్లీ వరుసల్లోకి వచ్చాయి.

పరీక్ష ఇలా పాఠాన్ని తన వైపు లాక్కోవడాన్ని భాషాబోధన పరిశోధకులు 'వాష్‌బ్యాక్' అంటారు. ఆ అమ్మాయిది తప్పని నేను అనుకోను.

మరి మాట్లాడే పరీక్ష పెట్టవచ్చు కదా? లెక్క వేద్దాం. 60 మందికి తలా 10 నిమిషాలంటే 10 గంటలు. అది ఒక్క సెక్షన్‌కే! నాలుగు సెక్షన్లుంటే 40 గంటలు. టైమ్‌టేబుల్‌లో వాటికి చోటేదీ?

అందుకే నాదొక సూచన. ఇద్దరిద్దరిని పిలవండి. కేంబ్రిడ్జ్ వారి బీ2 ఫస్ట్ అనే ఇంగ్లిష్ పరీక్షలో, మౌఖిక భాగంలో మామూలుగా జరిగేది అదే. అభ్యర్థులు పరీక్షకులతోనే కాదు, ఒకరితో ఒకరు కూడా మాట్లాడాలి. జంటకు 10 నిమిషాలైతే 10 గంటలు 5 అవుతాయి. ఆ 5 గంటలనూ అధ్యాపకుల పనిగంటల్లో కలపండి. నూటికి 20 మార్కులైనా దీనికి ఇవ్వండి. సిలబస్ ప్రకటించే రోజే ఇదీ ప్రకటించండి.

మార్కుల మాట ఖాయమైన మర్నాడే బల్లలు జరిపిస్తానంటున్నారు మా సహోద్యోగి.