టార్పెడోకి గ్రావిటీ ఎందుకు పట్టదు? 1962 నాటి కంప్యూటర్ ఆట మీద అభిమానుల గొడవ

[తెర మీద: గుండ్రటి నల్ల స్క్రీన్. మధ్యలో మెరిసే చుక్క. చుట్టూ రెండు చిన్న నౌకలు. ఒక నౌక నుంచి టార్పెడో బయల్దేరి, చుక్క పక్కనుంచే తిన్నగా దూసుకుపోతుంది.]

హోస్ట్: ఇక్కడ ఆపుదాం. మధ్యలో ఉన్నది నక్షత్రం. దాని ఆకర్షణకి రెండు నౌకలూ ఒంపు తిరుగుతున్నాయి. మరి టార్పెడో చూడండి. నక్షత్రం పక్కనుంచే స్కేలు పెట్టి గీసినట్టు వెళ్లిపోయింది.

కెమెరా వెనక గొంతు: బగ్.

హోస్ట్: బగ్ కాదు రా. ఈ ప్రశ్న 1962లోనే వచ్చింది. తయారుచేసినవాళ్లు చెప్పిన సమాధానం ఏంటంటే, అవి మామూలు టార్పెడోలు కావు, ఫోటాన్ బాంబులు. కాబట్టి గ్రావిటీ వాటిని లాగదు.

కెమెరా వెనక గొంతు: కాంతి కూడా వంగుతుంది కదా. ఐన్‌స్టీన్ చెప్పాడు, 1919 గ్రహణంలో కొలిచి మరీ చూశారు.

హోస్ట్: చూశారుగా, మొదలైంది. అరవై ఏళ్లు దాటినా ఈ ఆట ముందు ఇద్దరు కూర్చుంటే ఇదే వరస. అసలు కారణం వేరే ఉంది, దానికి తర్వాత వద్దాం. ముందు ఆట పేరు చెప్పనివ్వు. స్పేస్‌వార్! పక్కన ఆశ్చర్యార్థకం కూడా పేరులో భాగమే. దీన్ని ఎవరో కూర్చుని ప్లాన్ వేసి డిజైన్ చేశారంటే నేను నమ్మను. సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్న కొందరు కుర్రాళ్లు వాదించుకుంటూ, ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకుంటూ, సాకులు చెప్పుకుంటూ తయారుచేసిన ఆట ఇది. ఇందులోని రూల్స్‌లో సగం ఎవరో ఒకరు పెట్టిన అబ్జెక్షన్ నుంచి పుట్టినవే.

[తెర మీద: 1960ల నాటి కేంబ్రిడ్జ్ వీధి, చెక్క ఇళ్లు.]

అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ ఊరు, హింగమ్ స్ట్రీట్. 1961లో అక్కడొక పాత అద్దె ఇంట్లో స్టీవ్ రస్సెల్, మార్టిన్ గ్రెట్జ్, వేన్ వీటానెన్ అనే ముగ్గురు స్నేహితులు. తమ గదికి సరదాగా 'హింగమ్ ఇన్‌స్టిట్యూట్' అని పేరు పెట్టుకున్నారు. అంతటితో ఆగారా? దాని కింద 'అంతరిక్ష యుద్ధ అధ్యయన బృందం' అని ఒక కమిటీ కూడా వేసుకున్నారు. సభ్యులు వాళ్లే, కార్యదర్శులూ వాళ్లే.

ఈ ముగ్గురికీ ఇ. ఇ. స్మిత్ రాసిన నవలలంటే ప్రాణం. అభిమానులు ఆయన్ని డాక్ స్మిత్ అంటారు. లెన్స్‌మన్ సిరీస్ ఆయనదే. నక్షత్రమండలాలు దాటి తరుముకోవడాలు, గ్రహాలనే ఆయుధాలుగా విసిరేసుకోవడాలు, పేజీ పేజీకీ పేలుళ్లు. ఇంతకీ ఆయన డాక్టరేట్ కెమికల్ ఇంజనీరింగ్‌లో. ఉద్యోగం డోనట్ పిండి మిశ్రమాలు తయారుచేయడం.

కెమెరా వెనక గొంతు: నిజంగానా?

హోస్ట్: నిజంగానే. పగలు డోనట్లు, రాత్రి గెలాక్సీలు. సరే, వీళ్ల బాధేంటంటే, ఈ కథల్ని ఎవరైనా మంచి సినిమాగా ఎందుకు తియ్యడం లేదని. ఆ తియ్యనిదాన్ని తామే ఎక్కడో ఒకచోట చూపించాలన్న కోరిక మనసులో ఉండిపోయింది.

సరిగ్గా అదే ఏడాది సెప్టెంబర్లో అదే కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఎంఐటీ విశ్వవిద్యాలయానికి ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అంటే డీఈసీ, తయారుచేసిన పీడీపీ-1.

[తెర మీద: బీరువాల్లాంటి క్యాబినెట్లు, పక్కన గుండ్రటి డిస్‌ప్లే.]

ధర 1,20,000 డాలర్లు. మెమరీ 4,096 పదాలు, ఒక్కో పదానికి 18 బిట్లు. అంటే మొత్తం 9 కిలోబైట్లు. మీ ఫోన్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు. సెకనుకి సుమారు లక్ష కూడికలు చేస్తుంది. అప్పటికి అది గొప్ప వేగమే. కానీ వీళ్ల కళ్లు పడింది స్క్రీన్ మీద. అడ్డంగా 1,024, నిలువుగా 1,024 స్థానాల్లో ఎక్కడ కావాలంటే అక్కడ చుక్క పెట్టొచ్చు.

అంతకుముందు ఎంఐటీ కంప్యూటర్ల మీద డెమోలు లేకపోలేదు. వర్ల్‌విండ్ అనే మెషీన్ మీద బంతి ఎగిరేది. టీఎక్స్-0 మీద ఎలుక చిట్టడవిలో జున్ను వెతుక్కునేది. పీడీపీ-1 మీద మార్విన్ మిన్‌స్కీ అనే ఎంఐటీ శాస్త్రవేత్త మూడు చుక్కలతో అల్లికలు అల్లించాడు. అన్నీ చూడ్డానికి బాగుండేవి. కాసేపటికి బోర్ కొట్టేవి. హింగమ్ బృందం కూర్చుని, మంచి డెమో అంటే ఎలా ఉండాలో తేల్చుకుంది. మెషీన్ సత్తా మొత్తం వాడుకోవాలి. ప్రతిసారీ కొత్తగా ఉండాలి. చూసేవాడి చేతికి పని చెప్పాలి. ఈ మూడూ కలిస్తే అది ఆటే. చేతిలో ఉన్న పుస్తకాలేమో లెన్స్‌మన్‌వి. ఇక ఏ ఆట అన్నదాని మీద పెద్ద చర్చేమీ అక్కర్లేకపోయింది.

కోడ్ రాసే పని రస్సెల్ మీద పడింది. మరి రస్సెల్‌ని తోటివాళ్లు ముద్దుగా పిలిచే పేరు 'స్లగ్'. మన వానాకాలంలో గోడల మీద పాకే నత్తలాంటి పురుగు. మనిషి తక్కువవాడు కాదు, లిస్ప్ అనే కంప్యూటర్ భాషని నడిపించే మొట్టమొదటి ప్రోగ్రామ్, అంటే ఇంటర్‌ప్రెటర్, రాసింది ఆయనే. బద్ధకం మాత్రం జాస్తి. ఎవరు అడిగినా ఒకటే మాట: "సైన్, కొసైన్ లెక్కగట్టే రొటీన్ లేదు, అది లేకుండా నౌకని ఎలా తిప్పను?"

అలన్ కోటక్ అనే మిత్రుడికి విసుగొచ్చింది. నేరుగా మేనార్డ్‌లో ఉన్న డీఈసీ ఆఫీసుకి వెళ్లాడు. వాళ్ల దగ్గర ఆ రొటీన్, అంటే ఆ లెక్క చేసే చిన్న ప్రోగ్రామ్, ఉంది. అది ఎక్కించిన కాగితపు టేపు పట్టుకొచ్చి రస్సెల్ ముందు పెట్టి, ఇప్పుడు ఏం సాకు చెబుతావో చెప్పు అన్నాడు. సాకు దొరకలేదు. 1962 ఫిబ్రవరికల్లా ఆడదగ్గ వెర్షన్ సిద్ధం. రెండు నౌకలు. ఒకటి సన్నగా సూదిలా, ఇంకోటి కాస్త బొద్దుగా. తిప్పడం, ముందుకి తొయ్యడం, టార్పెడో పేల్చడం. అంతే.

[తెర మీద: సూది నౌక, బొద్దు నౌక పక్కపక్కన.]

ఇక్కడి నుంచి నాకు అసలు మజా. ఎందుకంటే కోడ్ ఉన్న టేపు ఎవరికైనా అందుబాటులోనే ఉండేది. నచ్చకపోతే నసగొచ్చు, నసిగితే సరిపోదు, నువ్వే రాసి పెట్టు అంటారు.

మొదటి నస పీటర్ శాంసన్ అనే మరో మిత్రుడిది. వెనకాల రస్సెల్ ఊరికే అక్కడక్కడా చుక్కలు చల్లాడు, నక్షత్రాలని. శాంసన్‌కి ఒళ్లు మండింది. ఆకాశం అలా ఉంటుందా? ఖగోళ పంచాంగం ముందేసుకుని, ఆకాశ మధ్యరేఖకి పైన ఇరవై రెండున్నర డిగ్రీలు, కింద ఇరవై రెండున్నర డిగ్రీల మధ్య కంటికి కనిపించే నక్షత్రాల్ని ఎక్కించాడు. ప్రకాశంలో తేడాలు కూడా చూపించాడు. బాగా వెలిగేవాటిని స్క్రీన్ మీద ఎక్కువసార్లు మెరిపించడమే కిటుకు. ఆకాశం నెమ్మదిగా కదులుతుంది కూడా. ఆడేవాడికి దీనివల్ల పైసా లాభం లేదు. ప్రాణం కాపాడుకునే హడావుడిలో వెనక ఓరియన్ నక్షత్రరాశి ఉందా లేదా అని ఎవడు చూస్తాడు?

కెమెరా వెనక గొంతు: నేను చూస్తాను.

హోస్ట్: నీలాంటివాళ్ల కోసమే రాశాడు. దానికి పెట్టిన పేరు 'ఖరీదైన ప్లానెటేరియం'. లక్షా ఇరవై వేల డాలర్ల మెషీన్‌ని టైప్‌రైటర్‌లా వాడే ప్రోగ్రామ్‌కి అప్పటికే 'ఖరీదైన టైప్‌రైటర్' అని పేరుంది. ఇది దాని తమ్ముడు.

రెండో కంప్లైంట్ డాన్ ఎడ్వర్డ్స్‌ది, ఇది మాత్రం ఆటని మార్చేసింది. అంత ఖాళీ అంతరిక్షంలో ఎదురుబొదురు కాల్చుకోవడమేనా, వ్యూహం ఏదీ? మధ్యలో ఒక బరువైన నక్షత్రం పెట్టి, గ్రావిటీ తెద్దామన్నాడు. కానీ టైమ్ ఏదీ? స్క్రీన్ మీద ప్రతి చుక్కనీ కంప్యూటరే మళ్లీ మళ్లీ గీస్తూ ఉండాలి. లెక్కలు ఎక్కువైతే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. ఎడ్వర్డ్స్ చేసిన పని చూడండి. అప్పటిదాకా నౌక ఆకారాన్ని గీసే ప్రతిసారీ ఒక పట్టిక చూసి అర్థం చేసుకుని గీసేది ప్రోగ్రామ్. ఆయన ఆ పట్టికని ఆట మొదట్లోనే ఒక్కసారి నేరుగా మెషీన్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చేసేలా చిన్న కంపైలర్ రాశాడు. 1962లో! దాంతో కాస్త సమయం మిగిలింది. ఆ మిగిలినది రెండు నౌకల గ్రావిటీ లెక్కకి సరిపోయింది. టార్పెడోలకి సరిపోలేదు.

అదీ సంగతి. ఫోటాన్ బాంబు కథ పూర్తిగా కవరింగే. కానీ ఎంత అందమైన కవరింగ్! మెషీన్‌కి చేతకానిదాన్ని కథలో ఒక నిజంగా మార్చేశారు.

కెమెరా వెనక గొంతు: ఆట ప్రపంచం వెనక అల్లే ఇలాంటి కథనే ఇప్పటి గేమ్ స్టూడియోలు లోర్ అంటాయి.

హోస్ట్: మూడోది గ్రెట్జ్ వంతు. నక్షత్రంలో పడబోతున్నావు, వెనక నుంచి టార్పెడో వస్తోంది. ఏం చేస్తావు? హైపర్‌స్పేస్‌లోకి దూకేస్తావు. నౌక మాయమై, కాసేపటికి ఇంకెక్కడో తేలుతుంది. ఎక్కడ తేలుతుందో నీకే తెలీదు. నక్షత్రం పక్కనే తేలినా తేలొచ్చు. అలా వదిలేస్తే పిరికివాళ్లంతా అదే నొక్కుతూ కూర్చుంటారు కదా. అందుకని నెర్ఫ్ చేశారు, అంటే దాని బలం తగ్గించారు. దూకిన కొద్దీ, తిరిగొచ్చేటప్పుడు నౌక పేలిపోయే అవకాశం పెరుగుతుంది. దీనికీ కథ ఉంది. నౌకని అలా దూకించే హైపర్‌ఫీల్డ్ జనరేటర్లు మార్క్ వన్ మోడల్ అట, సరిగ్గా టెస్ట్ చెయ్యకుండానే హడావుడిగా నౌకల్లో బిగించేశారట.

అన్ని మార్పులూ నెగ్గలేదు. రస్సెల్ ఒకసారి, నిజం టార్పెడోలు అంత గురిగా వెళ్లవు కదా అని, వాటి దిశలోనూ వేగంలోనూ కొంచెం తేడా పెట్టాడు. జనం తిట్టిపోశారు. ఆకాశంలో ఓరియన్ నిజంగా ఉండాలి, తన టార్పెడో మాత్రం గురి తప్పకూడదు! రస్సెల్ దాన్ని పీకేశాడు. నాకైతే జనం చేసిందే సబబు అనిపిస్తుంది. ఓడిపోతే నా తప్పు వల్ల ఓడిపోవాలి గానీ, టార్పెడో మూడ్ బాలేక కాదు.

నౌక తిరగడం మీద కూడా రెండు పక్షాలున్నాయి. అంతరిక్షంలో ఒకసారి తిరగడం మొదలుపెడితే ఎదురు తొయ్యందే ఆగదు, ఫిజిక్స్ ప్రకారం. వదలగానే టక్కున ఆగితేనే ఆడేవాడికి హాయి. తగువెందుకని కన్సోల్, అంటే కంప్యూటర్ కంట్రోల్ ప్యానెల్, మీద ఒక స్విచ్ పెట్టారు, ఎవరికి కావాల్సింది వాళ్లు ఎంచుకోవచ్చు. టక్కున ఆగే పద్ధతికి పెట్టిన పేరు 'బెర్గెన్‌హోమ్'. లెన్స్‌మన్ కథల్లో వస్తువుకి జడత్వం లేకుండా చేసే యంత్రం అది. ఇలా డోనట్ డాక్టర్ గారు నేరుగా కోడ్‌లోకి వచ్చి కూర్చున్నారు.

[తెర మీద: చెక్క పెట్టె, దాని మీద రెండు స్విచ్‌లు, ఒక బటన్.]

మొదట్లో ఆడటానికి కన్సోల్ మీది చిన్న స్విచ్‌లే గతి. మోచేతులు నొప్పులు. పైగా స్క్రీన్ ఒక పక్కకి ఉండేది, ఆ పక్కన కూర్చున్నవాడికి లాభం, అవతలివాడికి లేదు. కోటక్, బాబ్ సాండర్స్ కలిసి, ఎంఐటీ మోడల్ రైల్వే క్లబ్బులో పడున్న సామానుతో విడిగా కంట్రోల్ బాక్సులు చేశారు. పేల్చే బటన్ మాత్రం చప్పుడు చెయ్యకుండా చూసుకున్నారు. క్లిక్‌మంటే అవతలివాడికి తెలిసిపోదూ! గేమ్‌ప్యాడ్‌కి తాతగారు అనుకోండి.

1962 మే నెలలో ఎంఐటీ ఓపెన్ హౌస్, అంటే బయటివాళ్లని లోపలికి రానిచ్చి అన్నీ చూపించే కార్యక్రమం. జనం ఎగబడ్డారు. ఒక్కడే గంటలు గంటలు కూర్చోకుండా స్కోరు లెక్క పెట్టి, ఇన్ని ఆటలకి ఇక లే అనే పద్ధతి తెచ్చారు.

డబ్బులా? ఎవరూ అడగలేదు. అయినా ఎవరికి అమ్ముతారు? మొత్తం పీడీపీ-1లే యాభై పైచిలుకు తయారయ్యాయి. టేపులు చేతులు మారాయి. డీఈసీ వాళ్లు కూడా కొత్త మెషీన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి చివర్లో స్పేస్‌వార్ నడిపించేవారు. మెషీన్‌ని అంతగా పిండే ప్రోగ్రామ్ ఇంకోటి లేదు మరి.

తర్వాతి కథ కొంచెం వేగంగా చెప్పేస్తాను. 1971లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బిల్ పిట్స్, హ్యూ టక్ దీన్నే 'గెలాక్సీ గేమ్' పేరుతో నాణెం వేసి ఆడే మెషీన్‌గా పెట్టారు, ఆటకి 10 సెంట్లు. అదే ఏడాది నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ ఈ ఆటనే ఆధారంగా తీసుకుని 'కంప్యూటర్ స్పేస్' చేశారు. మరుసటి ఏడాది ఆ ఇద్దరే అటారీ అనే వీడియో గేమ్ కంపెనీ పెట్టారు. 1972 అక్టోబర్ 19న స్టాన్‌ఫర్డ్ ఏఐ ల్యాబ్‌లో స్పేస్‌వార్ ఒలింపిక్స్ జరిగాయి. బహుమతి ఒక పత్రికకి ఏడాది చందా! 1979లో అటారీ తెచ్చిన ఆస్టరాయిడ్స్‌లో హైపర్‌స్పేస్ బటన్ ఉంటుంది, నొక్కితే ఎక్కడో తేలతారు, ఒక్కోసారి పేలిపోతారు. అది ఎవరి బుర్రలోంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

కెమెరా వెనక గొంతు: గ్రెట్జ్ గారి మార్క్ వన్ జనరేటర్. ఇంకా రిపేర్ చెయ్యలేదన్నమాట.

హోస్ట్: ఇప్పుడు ఆడాలంటే? కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉన్న మనవాళ్లకి అదృష్టం. మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో పీడీపీ-1ని బాగుచేసి పెట్టారు, దాని మీద స్పేస్‌వార్ నడిపి చూపిస్తుంటారు. వెళ్లేముందు డెమో ఏ రోజుల్లో ఉందో చూసుకోండి. మిగతావాళ్లకి బ్రౌజర్‌లో నడిచే ఎమ్యులేటర్లు, అంటే పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లు, ఉన్నాయి, నడిచేది అసలు కోడే. లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

[తెర మీద: ఆట మొదలు. రెండు నౌకలు ఎదురెదురు మూలల్లో.]

కొత్తవాళ్లు అందరూ చేసేది ఒకటే. మొదలవగానే ఎదుటివాడి వైపు తిరిగి టార్పెడోలన్నీ కాల్చేస్తారు. అవి అయిపోతాయి. ఈలోగా నక్షత్రం లాగేస్తుంది. దానికి బదులు, ముందు నక్షత్రానికి కొంచెం పక్కగా మూతి తిప్పి ఇంజిన్ వెయ్యండి. దగ్గరికొచ్చేసరికి దాని లాగుడే మిమ్మల్ని చుట్టూ విసిరేస్తుంది, మీ ఇంధనం పెద్దగా ఖర్చవ్వదు. ఎంఐటీ వాళ్లు ఈ ఎత్తుని 'సీబీఎస్ ఓపెనింగ్' అనేవారు. రెండు నౌకలూ అలా తిరిగితే సీబీఎస్ అనే అమెరికా టీవీ ఛానెల్ లోగోలోని కన్ను బొమ్మలా కనిపించేదట. వేగం అందుకున్నాక అప్పుడు కాల్చండి.

కెమెరా వెనక గొంతు: హైపర్‌స్పేస్?

హోస్ట్: ఒకసారి నొక్కు, పర్లేదు. రెండోసారి నీ ఇష్టం. మూడోసారి నొక్కితే నేను కాల్చాల్సిన పని కూడా ఉండదు. పద, సూది నౌక నాది.